లాలాగూడలో లేచే బల్ల

మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలకలోంచి ముగ్గు అచ్చు కోసిన మిషనే, మర్నాడు రెండంగుళాల ఎత్తున్న దేవుడి పీట మీద పెళ్లికూతురి పేరు చెక్కాలి. లేజర్ అదే, నడిపే కంప్యూటరూ అదే. మారాల్సింది వస్తువు కింద ఉన్న బల్ల ఎత్తు ఒక్కటే. చవకగా దొరికే చిన్న లేజర్ మిషన్లలో ఆ బల్ల కదలదు. దాన్ని మోటారుతో కదిలేలా చేసుకున్న ఒక ఇంటిని చూడడానికి సికింద్రాబాద్ స్టేషన్ నుంచి చిలకలగూడ, మెట్టుగూడ మీదుగా లాలాగూడ వెళ్లాను.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1893లో ఇక్కడ వర్క్‌షాపు పెట్టింది. అప్పటి నుంచి ఈ వాడలో తరాలు తరాలుగా ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్నారు. నేను వెళ్లిన ఇల్లు కూడా అలాంటిదే. తండ్రి క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కూతురు మేడ మీది గదిలో లేజర్ మిషన్ పెట్టుకుని నేమ్‌ప్లేట్లు, రిటర్న్ గిఫ్ట్ డబ్బాలు, కుంకుమ భరిణెల మూతల మీద పేర్లు, ఆర్కిటెక్చర్ పిల్లల మోడళ్లకు కావాల్సిన గోడలు, కిటికీలు కోసి ఇస్తుంది. ఆమె చదివింది ఎలక్ట్రానిక్స్. బల్ల ఇద్దరిదీ.

మిషన్ చైనా నుంచి వచ్చేది. నీలం తెలుపు రంగుల రేకు పెట్టె, అందరూ కే40 అంటారు. పేరుకు 40 వాట్లు, నిజంగా వచ్చేది అంతకంటే తక్కువే. పనిచేసే జాగా ఇంచుమించు 300 మిల్లీమీటర్ల పొడవు, 200 వెడల్పు. లోపల గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువు ఉంటుంది. ఈ రకం లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన దేశం నుంచి వెళ్లిన కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. ప్రపంచమంతటా చెక్క, అక్రిలిక్, తోలు కోస్తున్న ఈ కిరణం వెనక ఆయన ఉన్నాడని మన బడి పిల్లలకు చెబితే ఎంత బాగుంటుందో. కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. కంటికి కనిపించదు, మామూలు గాజులోంచి దూరదు. అందుకే లెన్సును జింక్ సెలినైడ్‌తో చేస్తారు. ఆ అమ్మాయి తీసి చూపించింది, పసుపుపచ్చగా, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది.

ఆ లెన్సు ఫోకస్ దూరం 50.8 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండంగుళాలు. ఆ దూరంలో కిరణం మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతు వెడల్పున్న చుక్కగా కుదించుకుపోతుంది. అక్కడి నుంచి పైకైనా కిందికైనా ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర దాకా పర్వాలేదు. 5 మిల్లీమీటర్లు తప్పితే చుక్క వెడల్పు దాదాపు నాలుగింతలవుతుంది. అదే వేడి పద్నాలుగింతల జాగాలో పరుచుకుంటుంది. పలక తెగదు, అంచులు మాడతాయి, అక్షరం కాళ్లు ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తెలుగు అక్షరాలకు ఈ బాధ మరీ ఎక్కువ. సున్నాలు, వట్రసుడులు, వత్తులు అన్నీ చిన్న చిన్న వంపులే. ఇంగ్లీషు పేరు కాస్త మసకగా పడినా చదువుకోవచ్చు, 'కృష్ణవేణి' అని మసకగా చెక్కితే కింద వత్తు కాస్తా నల్లటి మచ్చయి కూర్చుంటుంది. అలా పాడైన ఒక పీటను ఆమె దాచిపెట్టుకుంది. కొత్త బల్ల మీద చెక్కిన పీటను దాని పక్కన పెట్టి చూపించింది. నాకు ఇంకే వివరణా అక్కర్లేకపోయింది.

అంతకుముందు ఆమె ఎత్తు సరిచేసుకున్న పద్ధతి చాలామంది చేసేదే: ప్లైవుడ్ ముక్కలు, టైల్స్ ముక్కలు పేర్చి, వాటి మీద వస్తువు పెట్టి, కొలత కోసం కోసుకున్న అక్రిలిక్ ముక్కను లేజర్ తలకూ వస్తువుకూ మధ్య దూర్చి చూడడం. ఒక్క పీట అయితే సరే. ఆర్డరులో ఇరవై భరిణెలు, మధ్యలో ఎవరిదో అర్జెంటు నేమ్‌ప్లేటు వస్తే రోజంతా ముక్కలు పేర్చడంతోనే పోతుంది. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ వంటి చోట్ల ఉండే పెద్ద మిషన్లకు ఈ కష్టం లేదు. మీట నొక్కితే బల్ల లేస్తుంది. ఇంట్లో మిషన్ పెట్టుకున్నవాళ్లు తామే చేసుకోవాలి.

బల్ల బదులు లేజర్ తలనే ఎత్తొచ్చు కదా అని అడిగాను. ఆమె మూత తీసి అద్దాలు చూపించింది. గొట్టంలోంచి వచ్చిన కిరణం ఒక అద్దం మీద పడి మలుపు తిరుగుతుంది, రెండో అద్దం మీద మళ్లీ తిరిగి, అడ్డంగా ప్రయాణించి తలలో ఉన్న మూడో అద్దాన్ని తాకుతుంది. అక్కడ కిందికి వంగి లెన్సులోంచి దిగుతుంది. తలను మొత్తంగా పది మిల్లీమీటర్లు పైకి లేపితే అడ్డంగా వచ్చే కిరణం మూడో అద్దం నడిమిన పడదు, అంచును తాకుతుంది, లేదా తప్పిపోతుంది. అద్దాలు సరిచేయడం ఓపిక పరీక్షించే పని. అందుకని దారిని కదపకుండా వస్తువునే కదపాలి.

ఇక్కడి నుంచి మాట తండ్రి చేతిలోకి వెళ్లింది.

"పెట్టెను లేపుడు చూసిన్రా ఎప్పుడన్న?" అన్నారు. రైలు పెట్టె బరువు సుమారు 40 టన్నులు. చక్రాల బోగీలను విప్పి బయటికి లాగాలంటే పెట్టెను పైకి లేపి పట్టుకోవాలి. క్రేను లేని చోట వైటింగ్ జాకులని నాలుగు నిలువు జాకులు వాడతారు. ఒక్కో జాకుకు ఒక మోటారు, ఒక పొడవాటి స్క్రూ, స్క్రూ మీద బరువు మోసే నట్టు, దాని కింద కొంచెం ఎడంగా ఇంకో రక్షణ నట్టు. మోసే నట్టు మర అరిగి తెగితే బరువు రక్షణ నట్టు మీద ఆగుతుంది. ఆ రెండింటి మధ్య ఎడం ఎంత తగ్గిందో కొలిస్తే మర ఎంత అరిగిందో తెలుస్తుంది. నాలుగు జాకులూ ఒకే వేగంతో లేవాలి. ఒకటి వెనకబడితే బరువంతా ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు జాకుల మీదికి పోతుంది, పెట్టె మెలి తిరుగుతుంది. "పెట్టె పెద్దగుంటది కాబట్టి నాలుగు తప్పదు. గీ బల్లకు నాలుగెందుకు? మూడు చాలు. ముక్కాలి పీట ఎక్కడ పెట్టినా ఊగదు."

మూడు బిందువులు ఉంటే ఒకే తలం ఏర్పడుతుంది, నాలుగోది వచ్చినప్పుడే గొడవ. ఇంట్లో ఇలాంటి బల్ల చేసుకునేవాళ్లు చాలామంది నాలుగు మూలలా నాలుగు స్క్రూలు పెడతారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. కానీ నాలుగింటిలో ఒకటి వెంట్రుకవాసి ఎత్తు తేడా ఉన్నా పలచటి అల్యూమినియం చట్రం మెలికపడుతుంది, లేదా ఆ మూల స్క్రూ పని లేకుండా ఊరికే తిరుగుతుంది. 40 టన్నులను లేపిన మనిషి మూడు కిలోల బల్లకు నాలుగో స్క్రూ వద్దనడం నాకు చాలా నచ్చింది. ఎక్కడ ఎంత కావాలో చేతికి తెలిసినప్పుడే ఆ మాట వస్తుంది.

ముందు వైపు రెండు మూలల్లో రెండు, వెనక మధ్యలో ఒకటి. అన్నీ 8 మిల్లీమీటర్ల లావున్న స్టీలు లీడ్ స్క్రూలు, ఇత్తడి నట్లు. బజారులో తేలిగ్గా దొరికే రకానికి మరలు నాలుగు వరసలుగా ఉంటాయి; ఒక చుట్టు తిరిగితే నట్టు 8 మిల్లీమీటర్లు లేస్తుంది. కూతురు మొదట అవే తెప్పించింది. బిగించి, పైన బరువు పెట్టి, కరెంటు తీసేస్తే బల్ల మెల్లగా కిందికి జారిందట. "మర ఏటవాలు ఎక్కువైంది బిడ్డా, బరువు తనంత తానే స్క్రూను తిప్పుకుంటది" అని ఆయన చెప్పి, ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లే లేచే ఒంటి వరస మర స్క్రూలు తెప్పించమన్నారు. లెక్క కూడా ఆయన మాటే బలపరుస్తుంది. 8 మిల్లీమీటర్ల మరకు ఏటవాలు దాదాపు 20 డిగ్రీలు, 2 మిల్లీమీటర్ల మరకు 5 డిగ్రీల పైచిలుకు. ఇత్తడికీ స్టీలుకూ మధ్య ఉండే రాపిడి ఆ అయిదు డిగ్రీల జారుడును ఆపగలదు, ఇరవైని ఆపలేదు. వేగం నాలుగో వంతుకు తగ్గింది. కానీ కరెంటు పోయినా, మోటారు వైరు ఊడినా బల్ల ఎక్కడిదక్కడే నిలబడుతుంది. బల్ల కట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి. మిగతావి తర్వాత మార్చుకోవచ్చు.

స్క్రూల కింది కొసలు 608 బేరింగుల్లో కూర్చున్నాయి. స్కేటింగు చక్రాల్లో ఉండేవి అవే. రాణీగంజ్‌లో ఏ బేరింగుల దుకాణంలో అడిగినా ఇస్తారు. అల్యూమినియం యాంగిళ్లు, బోల్టులు, స్ప్రింగులు కూడా రాణీగంజ్ నుంచే తెచ్చారు. స్టెప్పర్ మోటారు, డ్రైవరు బోర్డు, ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలరు బోర్డు కోఠీ గుజరాతీ గల్లీ నుంచి వచ్చాయి. ఈ ఊళ్లో ఇది పెద్ద సుఖం. మధ్యాహ్నం దాకా గీసిన బొమ్మకు కావాల్సిన సామాను సాయంత్రానికి చేతిలో ఉంటుంది.

బెల్టు మాత్రం కొంచెం ఆలోచించాల్సిన విషయం. పళ్లున్న సన్నటి జీటీ2 బెల్టు, పంటికీ పంటికీ మధ్య 2 మిల్లీమీటర్లు. అతుకు లేని గుండ్రటి బెల్టులు కొన్ని కొలతల్లోనే వస్తాయి. కాబట్టి ముందు బెల్టు ఎంచుకుని, దానికి సరిపోయేలా స్క్రూల స్థానాలు గీశారు. ఒకే బెల్టు మూడు స్క్రూల మీది పుల్లీలనూ, మోటారు పుల్లీనీ చుట్టి వస్తుంది. మధ్యలో స్ప్రింగుతో లాగి పట్టే ఒక ఐడ్లర్ ఉంది. బెల్టు బిగుతుగా ఉన్నంత కాలం మూడు స్క్రూలూ కలిసే తిరుగుతాయి. ఒక పన్ను జారితే ఏమవుతుందని అడిగితే ఆమె వెంటనే చెప్పింది: పుల్లీకి 20 పళ్లు, చుట్టుకు 2 మిల్లీమీటర్లు, అంటే ఆ మూల మిల్లీమీటరులో పదో వంతు తేడా. పని ఆగదు. అదే 8 మిల్లీమీటర్ల మరైతే తేడా 0.4 అయ్యేది.

మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. అంటే అడుగుకు మిల్లీమీటరులో నూరో వంతు. డ్రైవరు ఒక్కో అడుగును పదహారుగా విడగొడుతుంది, అది మోత తగ్గడానికే తప్ప అంత సూక్ష్మం ఈ పనికి అక్కర్లేదు. ఆమె రాసిన ప్రోగ్రాములో నాకు నచ్చింది ఒక చిన్న విషయం. బల్ల ఎప్పుడూ కింది నుంచి పైకి వచ్చే ఆగుతుంది. దిగాల్సి వచ్చినా, కావాల్సిన దానికంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగి, మళ్లీ పైకి వచ్చి నిలబడుతుంది. నట్టుకూ మరకూ మధ్య ఉండే సందు ప్రతిసారీ ఒకే వైపు మూసుకోవడానికి అలా చేసింది. మీటలు మూడు: పైకి, కిందికి, ఇంకొకటి మందం. చిన్న తెర మీద 3 అని పెట్టి మీట నొక్కితే ఖాళీ బల్ల ఫోకస్ ఎత్తు నుంచి 3 మిల్లీమీటర్లు దిగుతుంది, పలక పైభాగం సరిగ్గా ఫోకస్‌లోకి వస్తుంది. మందమైన అక్రిలిక్ కోసేటప్పుడు ఫోకస్‌ను పలక మధ్యలో ఉంచితే కోత నిటారుగా వస్తుంది. అందుకని అక్కడ సగం మందమే దింపుతుంది.

బల్ల సమంగా ఉందో లేదో చూడడానికి రసమట్టం వాడారా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మిషనే ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు, మేడ నేల ఒరిగి ఉండొచ్చు. బల్ల భూమికి సమంగా ఉండి ఏం లాభం? లేజర్ తల ఏ పట్టాల మీద తిరుగుతుందో వాటికి సమంగా ఉండాలి. ఆయన డయల్ గేజ్‌ను తలకే బిగించి, తలను చేత్తో మెల్లగా జరుపుతూ మూడు స్క్రూల దగ్గరా ముల్లు ఎక్కడ ఆగుతుందో చూశారు. తేడా ఉన్న చోట పుల్లీ గ్రబ్ స్క్రూను ఎలన్ కీతో వదులు చేసి, స్క్రూను వేళ్లతో కాస్త తిప్పి మళ్లీ బిగించారు. నా ముందు కావాలని ఒక మూలను తప్పించి, మళ్లీ సరిచేసి చూపించారు. ముల్లు వైపు చూస్తున్నప్పుడు ఆయన ఊపిరి కూడా బిగబట్టారు. ఇన్నేళ్లు పట్టాల మీద పనిచేసిన మనిషికి ఇక్కడ కూడా పట్టాలే కొలమానం కావడం ఆయనకు వింతగా తోచలేదు.

తర్వాత అసలు పరీక్ష. చెక్క ముక్కను ఏటవాలుగా పెట్టి, దాని పొడవునా లేజర్‌తో ఒక గీత గీసింది. ఒక కొసన గీత లావుగా మొదలై, సన్నబడి, మళ్లీ లావైంది. అన్నింటికంటే సన్నగా ఉన్న చోటే ఫోకస్. లెన్సు పెట్టె మీద ఏ కొలత రాసి ఉన్నా ఈ గీత చెప్పిందే ఆమె నమ్ముతుంది. ఆ ఎత్తునే ప్రోగ్రాములో సున్నాగా పెట్టింది.

స్క్రూలు బరువు మోయాలి, దారి చూపకూడదు అన్నది ఆయన ఇంకో పట్టుదల. బల్ల పక్కలకు ఊగకుండా రెండు నున్నటి స్టీలు కడ్డీలు, వాటి మీద జారే బేరింగులు వేరుగా ఉన్నాయి. స్క్రూల పై కొసలను వదిలేశారు. పైనా కిందా రెండు చోట్లా బిగిస్తే, స్క్రూ పిసరంత వంకరున్నా ప్రతి చుట్టుకూ పట్టేస్తుంది.

లేజర్ పెట్టెలో మసి చాలా. ఎండీఎఫ్‌లోని జిగురు కాలి జిడ్డు పొగ వస్తుంది, అది అన్నిటికీ అంటుకుంటుంది. స్క్రూలకు గ్రీజు పెట్టనివ్వలేదాయన. "గ్రీజుకు మసి అంటితే సాన పట్టే పేస్టే. మరను తినేస్తది." పొడిగా ఉండే టెఫ్లాన్ స్ప్రే కొట్టి, వారానికోసారి బ్రష్షుతో తుడుస్తారు. బల్ల పైన అల్యూమినియం తేనెపట్టు జాలీ ఉంది. కోత ముక్కలు, నిప్పురవ్వలు దానిలోంచి కిందికి రాలతాయి. కింద రబ్బరు బెల్టు ఉంది కాబట్టి మధ్యలో ఒక రేకు పళ్లెం అమర్చారు. అక్రిలిక్ ఒక్కోసారి భగ్గుమంటుంది. మిషన్ నడుస్తుంటే గది వదిలి వెళ్లకూడదన్నది ఆ ఇంటి నియమం. పక్కనే మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు గోడకు తగిలించి ఉంది.

కరెంటు గురించి కూడా చెప్పాలి. లేజర్ గొట్టానికి వెళ్లే ఓల్టేజీ వేలల్లో, ఇంచుమించు 15 నుంచి 20 వేల దాకా ఉంటుంది. అది ప్రాణం తీసేది. అందుకే మోటారుకు వేరే 24 ఓల్టుల సప్లై పెట్టారు, బల్ల చట్రంతో సహా ప్రతి లోహపు ముక్కనూ ఎర్తుకు కలిపారు. ఆ ఎర్తు మిషన్ వెనక ఊరికే వేలాడే వైరు కాదు, ఇంటి ఎర్తు గుంతలోకి దిగింది. మూత తెరిస్తే లేజర్ ఆగిపోయే స్విచ్చు ఇలాంటి మిషన్లలో చాలావాటికి రాదు, ఈ మిషన్‌కూ రాలేదు, అదీ పెట్టుకున్నారు. బల్ల కోసం మిషన్ విప్పేవాళ్లంతా ఆ స్విచ్చు పని కూడా అదే రోజు చేసుకోవాలి. కళ్లు పోతే ఏ పీటా తిరిగి తెచ్చివ్వదు.

మేం మాట్లాడుతుండగానే ఒకతను నిగనిగలాడే షీటు ఒకటి తెచ్చి దానిలో అక్షరాలు కోసివ్వమన్నాడు. ఆమె ఒక రాగి తీగను మంట మీద కాల్చి షీటు అంచుకు ఆనించి, మళ్లీ మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా మారింది. పీవీసీ, కోయను అని తిరిగి ఇచ్చేసింది. దానిలో క్లోరిన్ ఉంటుంది, లేజర్ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. ఊపిరితిత్తులకు హాని, ఇనుప సామానుకూ హాని. "ఒక్క షీటు కోస్తే డాడీ స్క్రూలన్నీ తుప్పే" అంది. అతను మరో దుకాణానికి వెళ్తాడేమోనని అడిగితే, వెళ్లనివ్వండి, కానీ ఎందుకు కోయలేదో చెప్పి పంపాను కదా అంది.

ఈ బల్ల చూసి తెలిసినవాళ్లొకరు తమ మిషన్‌కూ ఇలాంటిది కట్టివ్వమని అడిగారట. అది పెద్దది, బల్ల 600 మిల్లీమీటర్ల పొడవు, 400 వెడల్పు. అంత జాగాలో మూడు స్క్రూలు పెడితే వెనక సగం బరువూ ఒక్క స్క్రూ మీదే పడుతుంది, నాలుగు తప్పదు. తండ్రీ కూతుళ్లకు ఇంకా తేలని వాదం ఇక్కడే ఉంది. నాలుగు స్క్రూలకు నాలుగు మోటార్లు పెట్టి, ఒక్కోదానికి ఒక సెన్సారు పెడితే మిషనే సమం చేసుకుంటుందని ఆమె పట్టు. ఆయన సుద్దముక్కతో నేల మీద గీసి చూపించారు: ముందు రెండు స్క్రూలు నేరుగా బల్లను మోస్తాయి. వెనక రెండూ ఒక అడ్డ కడ్డీని మోస్తాయి, ఆ కడ్డీ నడిమిన ఒకే పిన్ను మీద బల్ల ఆనుతుంది. వెనక రెండింటిలో ఒకటి వెనకబడినా కడ్డీ ఒరుగుతుందే గానీ బల్ల మెలి తిరగదు. స్క్రూలు నాలుగు, ఆనేది మూడు చోట్లే. మరి కడ్డీ వల్ల వెనక ఎంత ఎత్తు తగ్గుతుందని ఆమె అడిగింది. ఆయన వెర్నియర్ తెమ్మన్నారు.